పిల్లలు తీయలేని తాళం

సోమవారం మధ్యాహ్నం మూడున్నరేళ్ల పిల్ల వంటగదిలో నేల మీద కూర్చుని అమ్మమ్మ రక్తపోటు మాత్రల షీటుతో ఆడుకుంటూ దొరికింది. షీటులో పది మాత్రలుండాలి. పదీ ఉన్నాయి. పిల్ల తల్లి ఆసుపత్రిలో నర్సు. రెండుసార్లు లెక్కపెట్టి, పిల్ల నోరు తెరిపించి టార్చి వేసి చూసి, అప్పుడు కూర్చుంది.

“ఒక్కటి మింగినా ఈపాటికి దీన్ని మా వార్డులో పడుకోబెట్టేదాన్ని,” అంది భర్తతో. “ఆ మందుల అలమారకి ఏదో ఒకటి చెయ్యండి. దీనికి అందకూడదు, అమ్మకి అందాలి. అంతే.”

భర్త నీటి మీటర్ల కార్యాలయంలో పరీక్షకుడు. ఎవరైనా “అంతే” అంటే అతనికి పని అక్కడే మొదలవుతుంది.

పై అరలో పెడదామంటే అత్తగారి చెయ్యి భుజం దాటి లేవదు. కాబట్టి తాళం కావాలి. అతను అప్పటికే ఒక గృహోపకరణాల సంస్థవారి ‘తల్లిదండ్రుల పరీక్షా బృందం’లో సభ్యుడు. సంస్థ వస్తువు పంపుతుంది, సభ్యుడు వాడి చూసి ఫారం నింపుతాడు. ఆ విధంగా ఆ ఇంటికి ఎన్నో సౌకర్యాలు వచ్చాయి. పాలు చల్లారితే మోగే సీసా వచ్చింది. అది మోగేసరికి పిల్ల పాలు తాగేసి ఆటలో ఉండేది. ఏడుపుకు అర్థం చెప్పే పరికరం వచ్చింది. పిల్ల ఎప్పుడు ఏడ్చినా ‘ఆకలి’ అని చూపించింది. తలుపు సందులో వేలు నలిగి తండ్రి అరిచినప్పుడు కూడా ‘ఆకలి’ అనే చూపించింది. ఫారంలో అతను ‘నిలకడైన పనితీరు’ అని రాశాడు.

ఇప్పుడు పిల్లలు తీయలేని తాళాలు పంపమని సంస్థకు రాశాడు. పంపారు.

కార్యాలయంలో ఏ మీటరునూ ఒక్క రీడింగుతో పాస్ చేయరు. మూడు తీసి సగటు కడతారు. ఇంట్లోనూ అదే పద్ధతి. మాత్రల్ని ఫ్రిజ్ మీద పెట్టి, ఖాళీ అలమారకు తాళం బిగించి, పిల్లను ముందు నిలబెట్టి, గడియారం పట్టుకున్నాడు. మొదటి తాళం అయస్కాంతంతో పనిచేసేది. మొదటి రీడింగులో పిల్ల తీయలేక ఏడ్చింది. ఎలా వాడాలో తెలియకపోవడం వస్తువు గొప్ప కాదు గనుక, న్యాయంగా ఉండడం కోసం తండ్రి ఎలా తీయాలో చూపించాడు. రెండో రీడింగు నాలుగు నిమిషాలు. మూడోది యాభై సెకన్లు. తీసిన ప్రతిసారీ చప్పట్లు కొట్టాడు.

“దొంగకి తాళంచెవులు ఇవ్వడం విన్నాను గానీ,” అంది అత్తగారు కుర్చీలోంచి, “బడి పెట్టి నేర్పడం ఇప్పుడే చూస్తున్నా అల్లుడుగారూ.”

“ఇది పరీక్ష అత్తయ్యా.”

“పాసవుతోందిగా మరి!”

రెండో తాళం నొక్కి తిప్పేది, ఇరవై సెకన్లు. మూడోది జారుడు తాళం, పన్నెండు. నాలుగోదానికి తొమ్మిది. ఒక్కో తాళం తర్వాతది వచ్చేదాకా అలమారకు ఉండేది, ఏమీ లేకపోవడం కన్నా ఏదో ఒకటి ఉండడం నయమని. ఐదో తాళానికి రెండు పక్కలా రెండు మీటలు. రెండూ ఒకేసారి నొక్కాలి. పిల్ల దాని ముందు నిలబడింది, చేతులు వెనక్కి పెట్టుకుంది, అమ్మమ్మ వైపు చూసింది, “రాదు నాన్నా” అంది. మూడుసార్లూ అదే మాట.

తండ్రి ఆ సాయంత్రం ఫారం నింపాడు. పిల్లలు తీయగలిగారా? లేదు. ఇంట్లో పెద్దలు సులువుగా తీయగలిగారా? అతను మాత్రల షీట్లు చూశాడు. రోజుకు రెండు చొప్పున మాత్రలు తగ్గుతూనే ఉన్నాయి. అంటే తీస్తున్నారు. అవును అని రాశాడు. అత్తగారిని అడగలేదు. మీటరు తిరిగిందంటే నీళ్లు వచ్చినట్టే లెక్క.

సంస్థ సంబరపడింది. అట్టపెట్టె మీద వేయడానికి ఫోటో కావాలంది, అమ్మమ్మ తాళం తీస్తున్నట్టు. తర్వాతి నెలలో ఒక శుక్రవారం పొద్దున్న పావు తక్కువ ఎనిమిదికి ఫోటోగ్రాఫర్ వచ్చి వంటగదిలో దీపాలు నిలబెట్టాడు. నర్సు డ్యూటీకి బయలుదేరబోతూ గుమ్మంలో ఆగింది.

“మామూలుగా ఎలా తీస్తారో అలాగే తీయండమ్మా,” అన్నాడు ఫోటోగ్రాఫర్.

“మామూలుగానా?” అంది ముసలావిడ.

“అవును, రోజూలాగే.”

ఆవిడ రెండు మీటల మీద రెండు చేతులు వేసింది. వేళ్లు వంగలేదు. మళ్లీ నొక్కింది. ఫోటోగ్రాఫర్ కెమెరా దించి ఎత్తాడు. ఎనిమిదయింది. మూడోసారి నొక్కేసరికి పిల్ల కుర్చీ దిగి వచ్చింది. రెండు అరచేతులతో మీటలు నొక్కి తలుపు తీసింది, షీటు అందుకుంది, బొటనవేలితో మాత్ర ఊడదీసి అమ్మమ్మ చేతిలో వేసింది. తలుపు మూసింది.

“తెల్లది పొద్దున్న,” అని ఫోటోగ్రాఫర్‌కు చెప్పింది. “గులాబీది రాత్రి.”

“సార్,” అన్నాడతను, “ఇది తీయాలా?”

అతన్ని పంపేశారు. వంటగదిలో నలుగురూ మిగిలారు.

“ఎన్నాళ్ల నుంచి?” అని అడిగాడు అల్లుడు.

“రెండో తాళం నుంచి,” అంది అత్తగారు.

“మరి ఐదోది రాదందిగా?”

“నేనే అనమన్నాను. తీసిందనుకోండి, మీరు ఆరోది తెస్తారు. ఇది మళ్లీ నేర్చుకోవాలి. చిన్నపిల్ల, ఎన్నని నేర్చుకుంటుంది?”

నర్సు నవ్వలేదు. “ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈయనెంత!” అంది. తర్వాత తల్లి ముందు కూర్చుంది. “అమ్మా, అది మాత్ర ఊడదీసింది. షీటు చింపకుండా, ఒక్క వేలితో. నువ్వు పక్క గదిలో ఉన్నప్పుడు నోట్లో వేసుకుంటే?”

“వేసుకోదు. నాకే ఇస్తుంది.”

“ఇవాళ ఇచ్చింది. రేపు బొమ్మకి జ్వరం వస్తుంది, బొమ్మకి వేస్తుంది. ఎల్లుండి తనకే వేసుకుంటుంది. తాళం తీయడం రావడం లేదని ఒక్క ముక్క చెప్పొచ్చుగా?”

ముసలావిడ మాత్ర మింగింది. నీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టింది. “చేతకావడం లేదని చెప్తే ఏం చేస్తారు? మాత్ర మీరే చేతిలో పెడతారు. తర్వాత స్నానం చేయిస్తామంటారు. దీనికైతే చెప్పనక్కర్లేదు. అడిగితే తీస్తుంది, మర్చిపోతుంది.”

అల్లుడు ఐదో తాళం మరలు విప్పడం మొదలుపెట్టాడు. “ఆరోదానికి ముఖం చూపిస్తే తెరుచుకుంటుందట,” అన్నాడు మెల్లగా.

“మీ ముఖం కాస్త ఇటు చూపించండి,” అంది భార్య. “మా వార్డులో విషం లాంటి మందులుంటాయి. వాటికి కప్పతాళం వేస్తాం. తాళంచెవి డ్యూటీ సిస్టర్ మెళ్లో ఉంటుంది. ఇంకొకళ్ల చేతికి ఇస్తే ఉద్యోగం ఊడుతుంది. గోరుతో పోయేదానికి గొడ్డలి పట్టుకొచ్చారు, అదీ ఐదుసార్లు.” తల్లి వైపు తిరిగింది. “తాళంచెవి నీ మెళ్లో ఉంటుంది. నువ్వే తిప్పాలి. మేం ముట్టుకోం. ఇది కూడా ముట్టుకోకూడదు. తిరగలేదని దీని చేతికి ఇచ్చావా, మాత్రలు నా సంచిలోకి వస్తాయి. పొద్దున్నా రాత్రీ నేనే చేతిలో పెడతా.”

“బెదిరిస్తున్నావా?”

“అవునమ్మా.”

సాయంత్రానికి కప్పతాళం వచ్చింది. దానితో ఫారం రాలేదు. అల్లుడు వెనకా ముందూ చూశాడు. రీడింగు తీద్దామా అని పిల్లను పిలవబోయి, భార్య చూపు పడి, పిలవలేదు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదికి ముసలావిడ మెళ్లోంచి తాళంచెవి తీసి కప్పలో పెట్టింది. తిరగలేదు. అల్లుడు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. కూతురు జడ వేసుకుంటూ ఉంది, అప్పటికే వేసిన జడ. తాళంచెవి రెండోసారీ తిరగలేదు.

“అమ్మమ్మా, ఇటివ్వు,” అంది పిల్ల. “నేను చిటికెలో తీస్తా.”

ముసలావిడ పిల్ల చేతిని చూసింది. కూతురు వీపును చూసింది. కూతురు తిరగలేదు.

“వద్దు పిడుగూ. నువ్వెళ్లి నీళ్లు తే.”

“తాళం?”

“తాళం నాది. నీళ్లు నీవి. నింపుగా తేవాలి, తెలిసిందా?”

పిల్ల కాసేపు అక్కడే నిలబడి, అలిగి, వెళ్లింది. ముసలావిడ రెండో చెయ్యి కూడా తాళంచెవి మీద వేసి భుజంతో నెట్టింది. కప్ప తెరుచుకుంది. మాత్ర తీసుకుంది, తలుపు మూసింది, తాళం వేసి లాగి చూసింది, తాళంచెవి మళ్లీ మెళ్లో వేసుకుంది. అప్పటికి ఎనిమిదీ ఆరు.

పిల్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. దారి పొడుగునా ఒలికి నీళ్లు సగమే మిగిలాయి. మాత్రకు సరిపోయాయి.