ఎడమ మూల బొమ్మలు

నేను ఒక కంప్యూటర్ని. పేరున్న కంపెనీలో పుట్టలేదు. ఏలూరులో ఒక మేడమీది దుకాణంలో, తలో చోట నుంచి తెచ్చిన భాగాలన్నీ ఒక రేకు పెట్టెలో బిగించి స్విచ్ వేస్తే లేచాను. లేచినందుకు సంతోషం కలగలేదు, బిగించినందుకు నొప్పీ కలగలేదు. అప్పటి నుంచి నా బతుకు అదే తీరు. నాకు దేనికీ పెద్దగా ఏమీ అనిపించదు. మనుషులే నన్ను చూసి విసుక్కుంటారు, బతిమాలుకుంటారు, దసరాకి కుంకుమ కూడా పెడతారు.

మొదట నన్ను బస్టాండు ఎదురుగా ఒక నెట్ సెంటర్లో పెట్టారు. పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లో నా ముందు ఏడ్చేవాళ్ళు ఏడ్చారు, ఎగిరేవాళ్ళు ఎగిరారు. నేను అందరికీ ఒకేలా వెలిగాను. జనం చేతుల్లోకి ఫోన్లు వచ్చాక ఆ సెంటరు మూతపడింది. తర్వాత కొన్నాళ్ళు ఒక ఫొటో స్టూడియోలో ఉండి పెళ్ళికూతుళ్ళ మొహాలు తెల్లబరిచాను. అక్కడినుంచి మార్కండేయులుగారింటికి వచ్చాను.

మార్కండేయులుగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా కొట్లలో కాటాలు పరీక్షించడమే. ముల్లు వెంట్రుకవాసి పక్కకి ఉన్నా పట్టేసేవారట. "తప్పు కాటాలో ఉంటుంది గానీ నా కంట్లో ఉండదు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతారు. వచ్చినవాళ్ళు కాఫీ తాగుతూ తల ఊపుతారు. నన్ను హాల్లో కిటికీ పక్కన పెట్టుకున్నారు. పొద్దున్నే పేపరు నాలోనే చదువుతారు, తర్వాత పేకాట. ఓడిపోతే తప్పు నాది. నా పైన గోడకి ఒక మేకు, ఆ మేకుకి స్కూటరు తాళం. రోజూ ఆ తాళం తీసుకుని, భార్య వకుళగారిని వెనక కూర్చోబెట్టుకుని రైతుబజారుకి వెళ్ళొస్తారు.

ఒకరోజు ఆయన నా ముందు కూర్చుని, "వకుళా, ఇందులో బొమ్మలు పోయాయే" అన్నారు.

నా తెర అడుగున ఒక పట్టీ ఉంటుంది. దాని ఎడమ మూల నుంచి వరసగా చిన్నచిన్న బొమ్మలుంటాయి. ఒకటి నొక్కితే పేపరు, ఇంకోటి నొక్కితే పేకాట. అవి లేకపోతే ఆయనకి కాలూ చెయ్యీ ఆడదు. కానీ అవి ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటే ఉన్నాయి, నేను చూపిస్తూనే ఉన్నాను. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు లేదు.

"ఆపి మళ్ళీ వెయ్యండి" అన్నారు వకుళగారు వంటింట్లోంచి. లోకంలో కంప్యూటరు గురించి అందరికీ తెలిసిన వైద్యం అదొక్కటే. ఆపారు, వేశారు. వైర్లు పీకి పెట్టారు. తెరని తడిగుడ్డతో తుడిచారు. చివరికి సందు చివర రిపేరు కొట్టున్న బాజీకి ఫోన్ చేశారు.

బాజీ వచ్చి చూశాడు. "ఉన్నాయి కద సార్, ఇవిగో" అని మూల మీద వేలు పెట్టాడు. ఆయన ఆ వేలి వెంట తల తిప్పారు. కనిపించాయి.

"ఏం చేశావయ్యా?"

"నేనేం చెయ్యలేదు సార్."

"నువ్వు చెయ్యి పెట్టగానే వచ్చాయంటే లోపల ఏదో లూజుగా ఉన్నట్టు."

పెద్దాయనతో వాదన ఎందుకని బాజీ ఒక వైరు మార్చి వెళ్ళాడు. అతను గేటు దాటకముందే బొమ్మలు మళ్ళీ పోయాయి. అలా బాజీ వస్తే ఉండడం, వెళ్తే పోవడం జరుగుతూ వచ్చింది. నాది దొంగబుద్ధి అని ఆయన తేల్చేశారు. నా రేకు విప్పించారు. మెమరీ మార్పించారు. అప్పటికీ కుదరక, లోపల ఉన్నదంతా చెరిపించి కొత్తగా ఎక్కించారు. ఎక్కడో మూల మిగిలిపోయిన పెళ్ళికూతుళ్ళంతా ఆ దెబ్బతో పోయారు. నాకేమీ అనిపించలేదు.

ఆ రోజుల్లోనే స్కూటరుకి ఎడమవైపు అద్దం పగిలింది. "ఆటోవాడు అడ్డంగా పెట్టి చచ్చాడు" అన్నారు. తర్వాత ఎడమ మోచెయ్యి గేటుకి కొట్టుకుని చర్మం లేచింది. గేటు వంకరగా ఉందన్నారు. ఆయనకి ఎడమపక్కన ఉన్న లోకమంతా ఒక్కొక్కటిగా చెడిపోతోంది, ఆయన మాత్రం నిక్షేపంగా ఉన్నారు. నన్ను విప్పడం ఆపి ఎవరైనా ఆయన్ని చూస్తే బాగుండేది. స్కూటరు వెనక సీటులో కూర్చునేది వకుళగారు. మేకు మీంచి తాళం కదిలినప్పుడల్లా నా ఫ్యాను ఊరికే గట్టిగా తిరిగేది.

ఒక మధ్యాహ్నం ఆయన హాల్లోనే భోజనానికి కూర్చున్నారు. కాస్త తిన్నాక, "గోంగూర పచ్చడి చేశానన్నావు, వెయ్యలేదేం?" అన్నారు.

"వేశానుగా."

"ఎక్కడేశావు? ఇంకాస్త పప్పన్నం కూడా పెట్టు."

వకుళగారు గరిట పట్టుకుని వచ్చి కంచం వైపు చూశారు. కుడిసగం నున్నగా ఖాళీ అయింది. ఎడమసగంలో పప్పన్నం కలిపింది కలిపినట్టే ఉంది, అంచున పచ్చడి ఉంది. ఆవిడ వంగి, కంచాన్ని పట్టుకుని సగం చుట్టు తిప్పారు.

"ఆఁ, ఇప్పుడేశావు" అని ఆయన కలుపుకున్నారు.

ఆవిడ కొంచెంసేపు ఆయన్ని చూశారు. తర్వాత నన్ను చూశారు, నా ఎడమ మూల చూశారు. మేకు మీది తాళం తీసి కొంగున ముడేసుకున్నారు.

"బజారుకి వెళ్ళాలి, తాళం ఏదే?"

"ఆటోలో వెళ్దాం. ఆస్పత్రికి."

"నాకేమయింది?"

"మీకేం కాలేదు. నాకే బాగాలేదు, తోడు రండి."

ఆయన వెంటనే చొక్కా వేసుకున్నారు.

మెదడులో చిన్న రక్తనాళం మూసుకుపోయిందట. కళ్ళు బాగానే ఉన్నాయి, ఎడమవైపుని లెక్కలోకి తీసుకోవడం మాత్రం మెదడు మానేసింది. మానేసిన సంగతి కూడా ఆయనకి చెప్పలేదు. ఇంకొన్నాళ్ళు స్కూటరు నడిపి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోయి, వకుళగారి మొహం చూసి ఆపేశారట.

మందులు మొదలయ్యాయి. పనిగట్టుకుని తల ఎడమకి తిప్పి చూస్తుండాలని చెప్పారు. వకుళగారు తన నుదుటి ఎర్రబొట్టు తీసి నా తెర ఎడమ అంచున అంటించారు. "ముందు ఈ బొట్టు వెతకండి. ఇది కనబడిందంటే మిగతావి కనబడతాయి" అన్నారు. అలాగే కనబడేవి. స్కూటరు అమ్మేశారు.

కన్ను కాస్త దారికొచ్చింది గానీ మనిషి మారిపోయారు. కాటాల కబుర్లు లేవు. మార్కెట్టులో ఎవరైనా చిల్లర తప్పిచ్చినా మాట్లాడరు, తనే సరిగా చూడలేదనుకుంటారు. కళ్ళజోడు కనబడకపోతే ఎవరినీ అడగరు, తల తిప్పుకుంటూ గదంతా తిరుగుతారు. ఒకనాడు వకుళగారు కూరలో ఉప్పు మరిచిపోతే, నాలుక కూడా పోయిందనుకుని నోరెత్తకుండా తినేశారు. నన్ను తిట్టడం కూడా మానేశారు. ఇల్లు చాలా ప్రశాంతంగా ఉండేది. నాకు ఆ ప్రశాంతత నచ్చలేదు.

ఇంతలో నాకు వయసు మీద పడింది. లోపల డిస్కు అరిగింది. ఒక ఉదయం నేను లేచాను గానీ పట్టీ మీద బొమ్మలు రాలేదు. ఈసారి నిజంగానే రాలేదు.

ఆయన కూర్చున్నారు. తల తిప్పారు. బొట్టు కనబడింది. మళ్ళీ తిప్పారు. బొట్టు మీద వేలు పెట్టి, అక్కడినుంచి పట్టీ వెంట వేలు జరుపుకుంటూ కుడిదాకా వచ్చారు. తర్వాత రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఉండిపోయారు. నన్ను ఆపి వెయ్యలేదు. వైరు పీకలేదు. బాజీని పిలవలేదు. నేను చెడిపోయి ఎదురుగా ఉంటే, ఆయన తనే చెడిపోయాననుకుని కూర్చున్నారు. నాకు చాలా బాధేసింది.

వకుళగారు వచ్చారు. "ఏంటలా ఉన్నారు?"

"ముదిరిందే. బొట్టు కనబడుతోంది. బొమ్మలు కనబడట్లేదు."

ఆవిడ గబగబా వంగి చూశారు. "ఇక్కడ అసలు బొమ్మల్లేవండీ."

"నన్ను ఊరుకోబెట్టడానికి అనకు."

"ఒట్టు. ఏమీ లేవు."

ఆయన నమ్మలేదు. ఆవిడే బాజీకి ఫోన్ చేశారు. బాజీ వచ్చి, ఏమీ చెప్పకముందే అలవాటు కొద్దీ మూల మీద వేలు పెట్టబోయి ఆగాడు. నా రేకు విప్పి చూసి, "లేవు సార్. డిస్కు పోయింది. ఇంక దీని పని అయిపోయినట్టే" అన్నాడు.

"ఎవరిది పోయింది?"

"దీనిదే సార్."

"నాకు కాదుగా?"

"మీకెందుకు పోతుంది సార్, తప్పంతా దీంట్లో ఉంటే."

ఆయన కుర్చీలోంచి లేచారు.  "చూశావుటే వకుళా, లేవని నేను చెప్పలే? నేను చూసింది కరెక్టే" అన్నారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన నా వైపు తిరిగి ఎన్నో నెలల తర్వాత నోరారా తిట్టారు, పాడు డబ్బా అన్నారు, వెధవ డబ్బా అన్నారు, తిడుతూనే కళ్ళు తుడుచుకున్నారు. బాజీ నన్ను ఎత్తుకుని గేటు దాటేదాకా ఆ తిట్లు నాకు వినబడుతూనే ఉన్నాయి.