స్విచ్ వేస్తూనే పలికిన యాంప్

హోటల్ హాల్లో పాడే బృందంలో బేస్ గిటార్ వాయించే అతన్ని అందరూ మంద్రం అని పిలిచేవారు. పాడేది అతని సొంత అక్క.

మంద్రానికి గిటార్ మోత పెంచే తన పాత వాల్వు యాంప్ అంటే ప్రాణం. ట్రాన్సిస్టర్ యాంపుల్లో తీగ పలుకుతుందే గానీ ఊపిరి తీసుకోదని అతని వాదన. ఆ పెట్టె రిపేరుకు వెళ్లి తిరిగొచ్చి పది రోజులైంది. ఎప్పుడూ స్విచ్ వేసి, అది వేడెక్కేలోగా గిటార్ శ్రుతి చేసుకునేవాడు. ఆరోజు రిహార్సల్‌కు ఆలస్యమై, స్విచ్ వేస్తూనే తీగ మీటాడు.

ఢమ్మని మోగింది.

అతని చెయ్యి ఆగిపోయింది. లోపలి గాజు వాల్వులు వేడెక్కి మోగడానికి అర నిమిషమైనా పట్టాలి. వెనక్కి వెళ్లి జాలీలోంచి చూశాడు. నాలుగూ ఎర్రగా వెలుగుతున్నాయి. పెట్టెను ఒక పక్కకు ఎత్తి చూశాడు. మునుపటి బరువు లేదు, తేలిగ్గా లేచింది.

"ఏం వెతుకుతున్నావురా?" అంది అక్క. గొంతులో ఏదో తొట్రుపాటు.

"ఏం లేదు," అన్నాడు. అనుమానం మాత్రం మెకానిక్ మీదికే పోయింది.

అందరూ టీకి వెళ్లాక జాలీ విప్పాడు. జేబురుమాలు చేతికి చుట్టుకుని నాలుగు వాల్వులూ పీకేశాడు. తీగ మీటాడు. అదే మోత!

నేరుగా మెకానిక్ షాపుకు వెళ్లి నిలదీశాడు. "లోపల సరుకంతా ఎవరికి అమ్ముకున్నావ్?"

మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "నోరు జారకు సార్. నీ ట్రాన్స్‌ఫార్మర్ లీకై కరెంటు పైపెట్టెకు వచ్చేది. అలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు. అందుకే లోపల ట్రాన్సిస్టర్ బోర్డు పెట్టా. వాల్వులు ఇప్పుడు ఊరికే వెలగడానికే. పాత సామానంతా మీ అక్కగారు తీసుకెళ్లారు. నీతో అనొద్దన్నారు."

మంద్రం తిరిగి హాలుకు వచ్చేసరికి అక్క ఒక్కతే ఉంది.

"నన్ను మోసం చేస్తావా అక్కా?"

"నీ పెట్టెకే కలిపిన మైకు నా పెదవికి తగిలితే షాక్ కొడుతోందని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ నవ్వేశావు. నీకేమైనా అయితే అమ్మకు నేనేం చెప్పాలిరా?"

"నాకు చెప్పి మార్పించొచ్చుగా!"

"చెబితే మార్చనిచ్చేవాడివా?"

మార్చనిచ్చేవాడు కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు. కోపం పూర్తిగా పోలేదు గానీ, దాన్ని ఎవరి మీద చూపాలో తెలియలేదు.

మిగతావాళ్లు వచ్చాక రిహార్సల్ మొదలైంది. అక్క మైకు ముందుకు వచ్చి, వేలి వెనకతో దాన్ని ఒకసారి తాకి, చటుక్కున చెయ్యి తీసి, ఏమీ కాలేదని చూసుకుని, అప్పుడు దగ్గరకు జరిగింది. నాలుగేళ్లుగా పక్కనే నిలబడి వాయిస్తున్నా, మంద్రం ఆ పని చూడడం అదే మొదటిసారి.