ఉత్తరపు గోడ మీది కిరీటాలు

అపొలోనియాకు అరవై ఎనిమిదేళ్ళు. పెళ్ళి కాలేదు. కాబట్టి చర్చి ఉత్తరపు గోడ మీద ఆమెకు చోటు ఖాయం. మైన్ నది ఒడ్డున ఆ చిన్న ఊళ్ళో పెళ్ళికాకుండా పోయినవాళ్ళ శవపేటిక మీద కాగితంపూలూ గాజుపూసలూ కూర్చిన పెళ్ళికిరీటం పెడతారు. పాతిపెట్టి వచ్చాక ఆ కిరీటాన్ని చర్చి గోడకు తగిలిస్తారు. అక్క ఊర్సులాది యాభై ఏళ్ళుగా అక్కడే ఉంది. దాని పక్కన ఖాళీగా ఉన్న మేకు అపొలోనియాదేనని ఊరంతటికీ తెలుసు.

శనివారం మధ్యాహ్నం. చర్చిలో ఎవరూ లేరు. అంతెత్తు కిటికీల రంగుగాజుల్లోంచి దిగిన వెలుగు నేల మీద నీలంగా, ఎర్రగా పాకుతోంది. నాలుగు వందల ఏళ్ళ నాటి రాతిస్తంభాలు సన్నగా పైకి పోయి పోయి, ఎక్కడో మసకలో కొమ్మల్లా కలుసుకున్నాయి. ఆ కప్పు కింద కూర్చుంటే చిన్నప్పటినుంచీ ఆమెకు కాళ్ళు నేలకు ఆననట్టే ఉంటుంది. ఈవేళ మరీను. పీపాలు చేసే కాస్పర్ నిన్న పెళ్ళి చేసుకుందామన్నాడు. జవాబు ఇక్కడ చెబుతాను రమ్మంది.

కాస్పర్ ఒకప్పుడు అక్కకు కాబోయే మొగుడు. ఆవిడ పోయిన వారానికే దేశాలు పట్టిపోయి, ఎక్కడో పెళ్ళాడి, భార్య కూడా పోయాక నాలుగేళ్ళ కిందట తిరిగొచ్చాడు. ఆదివారం ఆదివారం దక్షిణం వైపు మగవాళ్ళ బల్లల్లో కూర్చుని ఉత్తరపు గోడ కింద ఆడవాళ్ళ బల్లలకేసే చూస్తుంటాడు. అక్క కిరీటం సరిగ్గా అపొలోనియా తల పైనే ఉంది. ఇంకా మరిచిపోలేదు కాబోలనుకుని, అడ్డు రాకుండా ఆమె తల వంచుకునేది. ఎంత వంచుకున్నా కడుపుమంట చల్లారేది కాదు. పద్దెనిమిదో ఏటినుంచీ అతనంటే ఆమెకు ప్రాణం మరి. అతనికి కావలసింది తనా, అక్క నీడా? ఆమెకు తేలాల్సింది అదొక్కటే.

తలుపు కిర్రుమంది. కాస్పర్ టోపీ చేతబట్టుకుని వచ్చాడు.

"ఏమిటి, పెళ్ళికొడుకులా తయారయ్యావ్? నేనింకా ఔనన్లేదు."

"కాదంటే ఈ కోటుతోనే పాతిపెడుదురుగాని, దండగేం కాదులే."

"వేళాకోళం తర్వాత. ముందు మా అక్కనడుగు. పైకే అడుగు, నేను వినాలి."

కాస్పర్ గొంతు సవరించుకున్నాడు. వరసగా ముప్ఫై కిరీటాలు. అటూ ఇటూ చూసి, నాలుగడుగులు వేసి, వెండి ఆకులున్నదాని కింద నిలబడ్డాడు.

"ఊర్సులా, మీ చెల్లెలు లోనీని చేసుకుందామనుకుంటున్నా. కోప్పడకేం."

అపొలోనియా గబగబా అతని దగ్గరికి వచ్చింది.

"అది పిండిమిల్లు వాళ్ళ బార్బరాది!"

కాస్పర్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. "మరి ఊర్సులాది ఏదీ?"

"నా బల్ల పైనే ఉంది కదయ్యా! నాలుగేళ్ళుగా గుడ్లప్పగించి చూస్తూనే ఉన్నావుగా!"

"పైన ఏముందో నాకేం తెలుసు?" అన్నాడతను, దొంగతనం బయటపడ్డట్టు నేల చూపులు చూస్తూ. "కింద నువ్వుంటావుగా."

అపొలోనియాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఇన్నేళ్ళూ గుప్పెడు కాగితంపూల మీద అసూయపడింది తను. ఇప్పుడు చూస్తే, అక్కను తలుచుకునే మనిషి ఈ లోకంలో తనొక్కతే. ఆనందంతో పాటే అక్క మీద చెప్పలేనంత జాలి ముంచుకొచ్చింది. ఇరవై ఏళ్ళకే పోయిన పిల్ల.

ఆమె తన బల్ల దగ్గరికి వెళ్ళి తలెత్తింది. అడగడానికి కాదు, చెప్పడానికి.

"అక్కా, కాస్పర్‌ని నేను చేసుకుంటున్నానే."