కడిగిన మందు

అయినా ఎంజైమ్ పాతదై ఉంటుంది, పాత ఎంజైమ్‌కు పళ్ళూడిపోతాయి, ప్రోటీన్‌ను నమలలేదు, అందుకే మొండివాడు బతికి బయటపడ్డాడు, అంతే, దానికింత కంగారెందుకని పెద్ద మేడమ్ తనకు తానే సర్దిచెప్పుకుంటూ తెరమీది చుక్కల్ని మళ్ళీ చూసింది, ఒక్కో చుక్కా ఒక్కో కణం, రెచ్చిపోయిన కణాలు కుడివైపు గుంపు కట్టాలి, కట్టలేదు, అన్నీ ఎడమ పక్కనే బుద్ధిమంతుల్లా కూర్చున్నాయి, ఎంజైమ్ నిన్ననే వచ్చింది మేడమ్, సీలు నేనే విప్పాను, అంది పక్కనున్న పరిశోధకురాలు, ల్యాబులో అందరూ ఉడత అని పిలిచే పిల్ల, ఒక్కచోట కుదురుగా నిలవని ఆ పిల్ల ఇవాళ చేతులు కట్టుకుని కదలకుండా నిలబడింది.

మొండివాడంటే ఆ ప్రోటీనే, పేరు పెట్టింది తనే, ఒంట్లో కాపలా కాసే కణాలు శత్రువు కనబడితే ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి, కొందరి ఒంట్లో శత్రువు లేకపోయినా ఆ కబుర్లు ఆగవు, కాపలావాళ్ళే ఇంటిమీద పడి కీళ్ళు కొరుక్కుతింటారు, తన చెల్లెలికి వచ్చిన రోగం అదే, ఆ కబుర్లను ఆపే ప్రోటీన్ దొరికిందని లోకానికి చెప్పింది తను, ముందుగా ఇది పట్టించిన కణాలు ఆ తర్వాత ఎంత రెచ్చగొట్టినా నోరు మెదపవు, ఉడికించి పట్టించినా అంతే, మామూలు ప్రోటీన్ ఉడికితే కోడిగుడ్డులా గట్టిపడి దేనికీ పనికిరాదు, మావాడు మాత్రం చావడు, ఎంత మొండివాడో చూశారా అని సభల్లో అంటే జనం నవ్వేవారు, తనూ నవ్వేది, ఒక్కరైనా, ఒక్క పుణ్యాత్ముడైనా లేచి, అమ్మా, ఉడికినా చావనిది అసలు ప్రోటీనేనా అని అడిగారా, అడిగారు, పాఠం చెప్పిన మాష్టారే అడిగారు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు వాదించి ఆయన్నే కూర్చోబెట్టింది, ఆయన పోయి చాలాకాలమైంది, ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళి అవునండీ అనాలి.

ఈ విద్యలో ఇది ఓనమాలు, ప్రోటీన్‌ను బ్యాక్టీరియాలో పెంచి తీస్తాం, ఆ బ్యాక్టీరియా పైతొక్క మురికి ఎంత తోమినా కాస్త మిగిలిపోతుంది, ఆ మురికి ఉడికినా చావదు, ఎంజైమ్‌కు చిక్కదు, దాన్ని ఒకసారి చవిచూసిన కణాలు అలసిపోయి ఆ తర్వాత మూగబోతాయి, జాగ్రత్తమ్మా అని కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ చెప్పేది తనే, ఉడతకూ తనే చెప్పింది, ఉడత విన్నది, విని, ప్రోటీన్ అన్నది మిగలకుండా ఎంజైమ్‌తో ముక్కలు చేయించి, ఆ నీళ్ళు కణాలకు పట్టించింది, ప్రోటీనే లేని నీళ్ళకు కణాలు మూగబోయాయి, చెప్పినదానికి తెలియలేదు, విన్నదానికి తెలిసింది, ఛీ, ఇరవై ఏళ్ళు, ఇరవై ఏళ్ళూ ఉత్త మురికికి బారసాల చేసి పేరు పెట్టానా.

ఒక్క నిమిషం, మొండివాణ్ణి మందుగా తయారుచేస్తున్న కంపెనీవాళ్ళు అప్పుడే చెప్పారుగా, మనుషులకిచ్చే మందు కదండీ, ఇంకా శుభ్రం చేస్తున్నాం, కడిగేకొద్దీ పని తగ్గిపోతోంది అని, మీరు మరీ రుద్దేస్తున్నారు, దెబ్బతింటోంది, మోతాదు పెంచండి అని కసిరింది తను, పెంచారు పాపం, అంటే ఇవాళ మధ్యాహ్నం ఆసుపత్రిలో ప్రయోగానికి చేరిన రోగులకు ఎక్కించబోయేది అద్దంలా కడిగిన మందు, మురికి లేదు, మురికి లేకపోతే అందులో ఇంకేముంది, ఏమీ లేదు, ఏమీ లేకపోతే హానీ లేదు, ఆ మాట దగ్గర మనసు ఠక్కున ఆగింది, హాని లేదు, ఊరుకుంటే ఆర్నెల్లకు ప్రయోగం దానంతటదే విఫలమవుతుంది, మందులన్నాక విఫలమవుతుంటాయి, ఎవరూ ఎవర్నీ తప్పుపట్టరు, అయ్యో పాపం అంటారు, గౌరవంగా రిటైరైపోవచ్చు, ఉడత నోరు మూయించడమెంత పని, ఉడత వైపు చూసింది, ఉడత నేల చూపులు చూస్తోంది, దానికీ ఆ సంగతి తట్టిందన్నమాట.

ఫోన్ మోగింది, చెల్లెలు, ఆసుపత్రి మంచం మీదనుంచి, అక్కా, ఇంకాసేపట్లో వేస్తారట, నర్సు పట్టీ కట్టి వెళ్ళింది, వేళ్ళు ముడుచుకుపోయాయి, ఫోన్ ముంజేతుల మధ్య ఇరికించుకుని మాట్లాడుతున్నా, పడిపోతే నువ్వే కొనిపెట్టాలి సుమా, అంటూ నవ్వుతోంది, కొత్త మందు ఎక్కించాలంటే పాత మాత్రలు మానాలన్నది నియమం, వారాలుగా మానేసింది, ఆ మాత్రలు సగం పనే చేసేవి, కానీ ఆ సగంతోనే జడ వేసుకునేది, తలుపు గడియ తీసుకునేది, ఇప్పుడు మంచినీళ్ళు కూడా ఎవరో పట్టించాలి, నొప్పికేంలే అక్కా, నీ మొండివాడు వస్తున్నాడుగా, ఈ మొండిదాని సంగతి వాడే చూసుకుంటాడు, అంది, ఆర్నెల్లు, ఊరుకుంటే ఇంకో ఆర్నెల్లు ఇలాగే, ఒట్టి నీళ్ళు పొడిపించుకుంటూ, అక్క మందు కదా అని పళ్ళ బిగువున ఓర్చుకుంటూ, పక్కన ఇంకెవరెవరో మంచాలమీద ఉండి ఉంటారు, వాళ్ళకూ అక్కలో అమ్మలో ఉంటారు, ఏంటే అక్కా పలకవు, లైన్లో ఉన్నావా.

వేయించుకోకు అమ్మడూ, అంది మేడమ్, అది మందు కాదు, నేను పొరబడ్డాను, మొదట్నుంచీ పొరబడ్డాను, పాత మాత్రలు ఇవాళే మొదలుపెట్టు, ఎవరికీ వేయొద్దని మీ డాక్టరుకు ఇప్పుడే చెప్తున్నా, అంటుంటే ఉడత మొహం చేతుల్లో దాచుకుంది, చెల్లెలు తిడుతుందేమో, తిట్టనీ, ఏడవనీ, ఇన్నేళ్ళూ ఏం చేశావే అని అడగనీ, పరువు పోతుంది, ల్యాబు పోతుంది, పోనీ, ఇవన్నీ తనవి, పోతే పోయేది తనదేనని ఇంతసేపూ అనుకుంటోంది.

చెల్లెలు తిట్టలేదు, మరి ఇంకో మందేదైనా ఉందా అక్కా, అంది, మామూలుగా, కూర అయిపోతే పచ్చడుందా అన్నట్టు అడిగింది, చెల్లెలి బతుకులో ఇంతకాలం రేపటి మందుగా ఉన్నది తనేనని మేడమ్‌కు అప్పుడు తెలిసింది, జవాబు వెతుక్కోనక్కర్లేదు, సరిచూసుకోనక్కర్లేదు, ఈ రోగానికి మందు గురించి తను ఇన్నేళ్ళలో చెప్పినవాటిలో తిరుగులేని నిజం ఇదొక్కటే.

లేదమ్మా.