అభిప్రాయాలేవీ లేవు కనుక

నగర సౌందర్య సలహా మండలిలో పౌర సభ్యుడిగా నిషిగాకిని వేసుకున్నప్పుడు కాజియాచో వీధిలో అందరూ సంతోషించారు, ఒక్క ఆయన భార్య కినుయే తప్ప. "మీకు గోడలతో మాట్లాడ్డం వచ్చుగానీ మనుషులతో రాదు కదండీ" అందావిడ. నిషిగాకి అరవై ఆరేళ్ళ తాపీమేస్త్రి. సున్నపు గచ్చు పూయడం తప్ప ఆయనకు మరో విద్య తెలియదు. ఆ మండలిలో అసలు నోరు విప్పే అవసరమే రాదన్న సంగతి అప్పటికి ఆలుమగలిద్దరికీ తెలియదు.

మొదటి సమావేశంలో సభ్యుల ముందు మూడు చిన్న పలకలు పెట్టారు. స్టేషన్‌కీ కోటకీ నడుమ, కాజియాచో పాత బజారు నడిబొడ్డున ముప్పై ఒక్క అంతస్తుల టవర్ లేవబోతోంది, దానికి ఏ రంగు వేస్తే ఊరికి అందమో చెప్పమన్నారు. ఒక పలక లేత మట్టి రంగు, ఇంకోటి మట్టి రంగు, మూడోది కాస్త ముదురు మట్టి రంగు. ముప్పై ఒక్క అంతస్తులు దేనికని అడగడానికి మాత్రం వాళ్ళిచ్చిన కాగితంలో చోటు లేదు. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల కళ్ళజోడుతో వచ్చిన ప్రొఫెసర్ ఒకాయన పలకల్ని తిప్పి తిప్పి చూసి, మధ్యది ఈ ఊరి జ్ఞాపకాలతో సంభాషిస్తోందని తేల్చాడు. నిషిగాకికి ఆ పలకను చెవికి ఆనించుకుని విందామనిపించింది. పక్క కుర్చీలో ఉన్న సభ్యురాలు, ఉడాన్ నూడుల్స్ కొట్టు షిగెనో ఎక్కడ నవ్వుతుందోనని మానుకున్నాడు.

తెర మీద టవర్ బొమ్మ వేసి చూపించారు. సొరుగులన్నీ సగం సగం లాగి వదిలేసిన బీరువాలా ఉంది. ఇరవయ్యో అంతస్తు వసారాలో చెట్లు, కింద కుక్కపిల్లలతో షికారు చేసే సన్నటి మనుషులు, పైన ఎండ. ఏడాదిలో ఐదు నెలలు తడిమంచు కురిసే ఊరికి గీసిన బొమ్మలో ఎక్కడా చలికాలమే లేదు. అన్ని అంచులుంటే మంచు పేరుకుని ఎవరి నెత్తిన పడుతుందో ఆ గీసినవాడికి పట్టలేదు. చూరన్నది ఎక్కడా లేదు. చూరు లేని గోడ మీద రెండు వానలకే చారికలు దిగి, ముక్కు తుడవని పిల్లాడి మొహంలా తయారవుతుందని తాపీ పట్టిన ఎవడికైనా తెలుసు.

అధ్యక్షుడు "అభిప్రాయాలేమైనా ఉన్నాయా?" అని అడిగి, తల వంచుకుని, మనసులో ఒకటి రెండు మూడు లెక్కపెట్టి, "అభిప్రాయాలేవీ లేవు కనుక ఆమోదించినట్టే" అన్నాడు. మౌనం అర్ధాంగీకారమంటారు. ఆ గదిలో అది పూర్తి అంగీకారమే. మొదట నోరు తెరిచినవాడు మిగతా పదకొండు మంది పొద్దు తిన్నవాడవుతాడు. పైగా టవర్‌కు స్థలాలు అమ్ముకున్నవాళ్ళంతా రేపు పొద్దున వీధిలో ఎదురుపడి నమస్కారం పెట్టే మనుషులే. అందుకని పన్నెండు తలలూ గంగిరెద్దుల్లా ఊగాయి. మెట్లు దిగాక మాత్రం షిగెనో ఆ టవర్‌ని తిట్టని తిట్టు లేదు. మంగలి షాపులోనూ అదే తిట్టు, చేపల బజారులోనూ అదే. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

రంగు సంగతి ఎలా పోయినా, నిషిగాకికి నిద్రపట్టకుండా చేసింది వేరే ఉంది. టవర్ కోసం పడగొట్టేవాటిలో అరిమిత్సు వాళ్ళ సోయా సాస్ కొట్టు వెనకనున్న సరుకుల గది కూడా ఉంది. దాని వీధివైపు గోడ నల్లగచ్చు గోడ. సున్నంలో దీపపు మసి కలిపి, వెంట్రుకంత మందాన పూసి, తడి ఆరేలోపు అరచేత్తో రుద్ది రుద్ది అద్దం చేయాలి. ఆ గోడలో చూసుకుని అరిమిత్సు ఇంటి కోడళ్ళు మూడు తరాలుగా కిమోనో మెడపట్టీలు సర్దుకునేవారు. ఆ పాత గచ్చు పెచ్చులూడితే మళ్ళీ పూసింది నిషిగాకి గురువు హోజుమి మేస్త్రి. రుద్దడంలో సాయపడింది పంతొమ్మిదేళ్ళ నిషిగాకి. సాయంత్రం అలసటలో నిషిగాకి చేతిలోని తాపీ అంచు జారి, నడుమెత్తున గోడ మీద గోరంత నెలవంక పడింది. చెరిపేద్దామని చెయ్యి పెట్టబోతే గురువు ఆపేశాడు. "ఉండనీరా. రోజూ ఈ దారినే పోతావుగా, చూసుకుంటూ పో" అన్నాడు. నలభై ఏడేళ్ళుగా ఆయన చూసుకుంటూనే పోయాడు. ఆ గీత సంగతి ఊళ్ళో మరెవరికీ తెలియదు.

రెండో సమావేశం తరవాత లిఖితంగా అభిప్రాయాలు పంపమంటే, నిషిగాకి మూడు రోజులు కూర్చుని ఒక్క వాక్యం రాశాడు. నల్లగచ్చు గోడను పడగొట్టడానికి నేను ఒప్పుకోను. పన్నెండు మందిలో రాసి పంపినవాడు ఆయనొక్కడే.

వారం తిరక్కుండా టవర్ కట్టే కంపెనీ తరఫున తొకునాగా అనే ముప్పై ఐదేళ్ళ మనిషి మిఠాయి పెట్టె పట్టుకుని ఇంటికొచ్చాడు. బూట్లు విప్పి, చాప మీద మోకాళ్ళూని, నుదురు నేలకు ఆనేంత వంగాడు. మేస్త్రిగారి ఉత్తరం చదివి తమ ఆఫీసులో అందరూ కదిలిపోయారన్నాడు. గోడను తప్పకుండా ఉంచుతామన్నాడు. టవర్ ముఖద్వారంలో, వచ్చేపోయే ప్రతివాడూ చూసేలా ఉంచుతామన్నాడు. పక్కనే ఇత్తడి ఫలకం మీద మేస్త్రిగారి పేరు కూడా చెక్కిస్తామన్నాడు.

ఇక్కడ నిషిగాకి చేసిన పని ఏమిటో దాచడం అనవసరం. ఆయన మురిసిపోయాడు. తాపీమేస్త్రి పేరు ఏ గోడ మీదా ఉండదు. పేరు రాసుకోవాల్సి వచ్చిందంటే పని చేతకాలేదన్నమాటే అనేవాడు హోజుమి మేస్త్రి. ఆ మాట ఆ పూట గుర్తు రాలేదు. తన అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు తొకునాగా ముందే అచ్చేయించి తెచ్చిన కాగితం మీద, లోపలికెళ్ళి సొరుగులోంచి సంతకం బదులు వేసే ముద్ర తెచ్చి, ఎర్రటి సిరాలో అద్ది మరీ గట్టిగా నొక్కాడు. కినుయే టీ పోస్తూ చూసింది.

రెండేళ్ళలో టవర్ లేచింది. పేరు గ్రాన్ కురా టవర్. కురా అంటే సరుకుల గది. పడగొట్టినదాని పేరే పెట్టుకున్నారు, చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు. మధ్యాహ్నం దాటితే దాని నీడ వీధి మీదుగా పాకి షిగెనో కొట్టు ముందు తెరగుడ్డ దాకా వస్తుంది. గాలి కింద సందులో దూరి గొడుగుల్ని వెనక్కి తిప్పుతుంది. మొదటి వానాకాలానికే మట్టి రంగు మీద చారికలు దిగాయి.

ప్రారంభోత్సవానికి నిషిగాకి తన పాత సూటు వేసుకుని వెళ్ళాడు. అద్దాల తలుపు దాటగానే గోడ కనిపించింది. నల్లగా, నిగనిగలాడుతూ, పద్దెనిమిది మీటర్ల పొడవు. సరుకుల గది గోడ రెండు మీటర్లే కదా అనుకుంటూ దగ్గరికెళ్ళి అరచెయ్యి ఆనించాడు. కళ్ళు మోసపోతాయిగానీ అరచెయ్యి మోసపోదు. అది ప్లాస్టిక్. ఫోటో తీసి, కాగితంలా అచ్చేసి, అంటించారు. ఎదురుగా నిలబడితే తన మొహం కనిపించలేదు. ఫోటో తీసిన రోజు అద్దంలాంటి పాత గోడ ముందు కెమెరా స్టాండు పెట్టుకుని వంగిన ఎవడో ఫోటోగ్రాఫర్ మసగ్గా కనిపించాడు. రెండు మీటర్లు నడిస్తే మళ్ళీ వాడే. ఇంకో రెండు మీటర్లకు మళ్ళీ వాడే. ప్రతి వాడి పక్కనా, నడుమెత్తున, గోరంత నెలవంక. నిషిగాకి చివరిదాకా నడిచి లెక్కపెట్టాడు. తొమ్మిది.

గురువు కొట్టినా అంత సిగ్గనిపించేది కాదు. చివర్న ఇత్తడి ఫలకం ఉంది. "కాజియాచో జ్ఞాపకాల గోడ. గచ్చు పని: నిషిగాకి ఇసాము." హోజుమి మేస్త్రి పేరు ఎక్కడా లేదు. ఎవరో కొత్తగా చేరిన దంపతులు ఆ నెలవంకను వేలితో తడుముతూ, చేతిపనిలో ఈ రుచే వేరని చెప్పుకుంటున్నారు.

తొకునాగా నవ్వుతూ ఎదురొచ్చాడు.

"గోడ ఉంచుతానన్నావు" అన్నాడు నిషిగాకి.

"ఉంచాం కదండీ మేస్త్రిగారూ. ఒక్క గీత కూడా మార్చలేదు, చూడండి."

"మా గురువు పేరేదీ?"

"బతికున్నవాళ్ళ పేరైతే జనానికి దగ్గరగా ఉంటుందని ప్రచారం చూసేవాళ్ళు అన్నారండీ" అన్నాడు తొకునాగా. అందులో ఎగతాళి లేదు. అతను నిజంగానే మంచి పని చేశామనుకుంటున్నాడు. అది చూసే నిషిగాకికి మరీ రోత పుట్టింది.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మోసం చేశారు, దొంగ వెధవలు, ప్లాస్టిక్ వెధవలు అని గొణుగుతూ కూర్చున్నాడు. కినుయే చేపముల్లు తీసుకుంటూ అంతా విని, "ముద్ర ఎవరు వేశారండీ?" అని ఒక్క మాట అడిగింది.

ఆ గోడ మీంచి తన పేరు తీసెయ్యమని కంపెనీకి ఉత్తరం రాశాడు. ఫలకం ఇప్పుడు ఫ్లాట్ల యజమానుల సంఘానిదనీ, రూపకల్పన మీద అభిప్రాయాలు స్వీకరించే గడువు రెండేళ్ళ కిందటే ముగిసిందనీ, తమ ఆసక్తికి కృతజ్ఞతలనీ జవాబొచ్చింది. నిషిగాకి ఆ కాగితం మడిచి దేవుడి అరలో పెట్టాడు. వెనక పాకలోకి వెళ్ళి, పాతసున్నం ఉన్న జాడీ మూత తీశాడు.

మర్నాడు పొద్దున్నే పని బట్టలు, బొటనవేలు విడిగా ఉండే పని బూట్లు వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, బకెట్‌తో టవర్‌లోకి నడిచాడు. వాచ్‌మన్ లేచి "కష్టపడుతున్నారు" అని, పనివాళ్ళందర్నీ పలకరించినట్టే పలకరించాడు. పని బట్టల్లో వచ్చినవాణ్ణి నిన్నెవరు పిలిచారని అడిగే అలవాటు ఆ ఊళ్ళో లేదు. నిషిగాకి నేల మీద గుడ్డ పరిచి, ఇత్తడి ఫలకం మీద గరుకు కాగితం పట్టి, జిగురు రాసి, జనపనార గుడ్డ అంటించి, మొదటి పూత వేశాడు. అది కాస్త గట్టిపడేదాకా ఎదురుగా కూర్చుని అన్నం ముద్ద తిన్నాడు. మధ్యాహ్నానికి మసి కలిపిన పూత వేసి, అరచేత్తో రుద్దడం మొదలుపెట్టాడు. పుస్తకమంత చదరమే. పంతొమ్మిదేళ్ళప్పుడు రుద్దిన దానికంటే మెత్తగా, ఓపిగ్గా, ఎక్కడా చెయ్యి జారకుండా రుద్దాడు. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూశారు. ఒక ముసలావిడ చేతిసంచీ కింద పెట్టి, అందులో చూసుకుని జుట్టు సర్దుకుంది.

నాలుగింటికి ఎవరు చెప్పారో తొకునాగా పరుగున వచ్చాడు. ఆయాసపడుతూ ఫలకం ఉండాల్సిన చోటు చూశాడు.

"మేస్త్రిగారూ, ఏంటండీ ఇది? మీ పేరు కనబడట్లేదు."

"కనబడకుండానే పూశాను."

తొకునాగా వేలు చాపబోయాడు.

"ముట్టుకోకు. ఇంకా ఆరలేదు" అన్నాడు నిషిగాకి.

తొకునాగా వేలు వెనక్కి తీసుకున్నాడు. ఆ నల్లటి చదరంలో అతని మొహం, కనురెప్పలతో సహా, స్పష్టంగా కనిపిస్తోంది. పక్కనున్న పద్దెనిమిది మీటర్ల గోడలో తొమ్మిది మంది ఫోటోగ్రాఫర్లు వంగి నిలబడి ఉన్నారు. అతను ఒకసారి అటు చూశాడు, ఒకసారి ఇటు చూశాడు. నిషిగాకి తాపీలు కడుక్కుని, ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"అభిప్రాయాలేమైనా ఉన్నాయా?" అని అడిగాడు.

తల వంచుకుని, మనసులో ఒకటి రెండు మూడు లెక్కపెట్టాడు. తొకునాగా నోరు మెదపలేదు. నిషిగాకి బకెట్ తీసుకుని బయటికి నడిచాడు.