పదహారు అడుగులు

ఇంజనీరింగులో నాకు ఫస్టు క్లాసు. ఆమోసుది సెకండు క్లాసు, అదీ రెండోసారి రాస్తే. ఈ ముక్క ముందే చెప్పకపోతే నా కడుపుమంట మీకు అర్థం కాదు.

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది, డెబ్బై ఎనిమిదిలో, బెజవాడలో మా ఇరిగేషన్ ఆఫీసుకి మద్రాసు నుంచి ఒక కాగితం వచ్చింది. తుఫాను వేళ సముద్రం ఊళ్ల మీదికి ఎంత ఎత్తున వస్తుందో పరిశోధించడానికి పీహెచ్‌డీ సీటు. మూడేళ్లూ స్టైపెండు వాళ్లే ఇస్తారు, ఇక్కడి ఉద్యోగం ఎక్కడికీ పోదు. మద్రాసులో ఇంటర్వ్యూ చేసి మా ఆఫీసు నుంచి ఒక్కరినే తీసుకుంటారు. నేను అర్జీ పెట్టాను, నా పక్క బల్ల ఆమోసూ పెట్టాడు. మా పై అధికారి, ఈఈ బసవపున్నయ్య గారు అతని పేరు ముందు, నా పేరు వెనక రాశారు. కారణం, దివిసీమలో నలభై ఊళ్లు తిరిగి నీళ్లు ఏ గోడ మీద ఎంత ఎత్తుకు ఎక్కాయో అతను వేసిన పట్టిక. ఆ పట్టిక పేరెత్తితే చాలు, నాకు అన్నం సయించేది కాదు.

అయితే అందులో ఒక అంకె తేడాగా కనిపించింది. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పది, పదకొండు అడుగులుంటే, సముద్రం ఒడ్డు పల్లె ఒకదానికి పదహారు వేశాడు.

“ఇది తప్పయితే పట్టికంతా అనుమానమే సుబ్బారావ్. అప్పుడు నీ పేరే ముందు పంపాలి,” అన్నారు ఈఈ గారు.

“నేనే వెళ్లి కొలిచొస్తానండీ,” అన్నాను. అంత ఉత్సాహంగా నేను ఏ డ్యూటీకీ వెళ్లలేదు.

అవనిగడ్డ దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆ పల్లెకి అద్దె సైకిలు. ఆ ఊళ్లో ఉప్పెనకి నిలిచిన గోడలు ప్రార్థన మందిరానివి మాత్రమే. గోడ మీద గీత గీసినట్టే ఉంది. కింద బురద రంగు, పైన తెలుపు. టేపు పట్టాను. పదడుగుల రెండంగుళాలు. నా కడుపులో పాలు పోసినట్టయింది. పుస్తకంలో రాసుకుని, అంకె కింద రెండు గీతలు కూడా కొట్టాను.

అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న శౌరమ్మ అనే ముసలామె అడిగింది.

“అది కొలుస్తన్నావేంది బాబూ?”

“నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూస్తున్నాను.”

“అది నీళ్ల గీత కాదయ్యా, సున్నం గీత. క్రిస్మసుకి వెల్ల వేద్దామని పైనుంచి కొట్టుకుంటా వచ్చాం. అక్కడికొచ్చేసరికి సున్నం అయిపోయింది. నీళ్ల గీత కావాలంటే లోపల చూడు.”

లోపలి గోడకి సున్నం తగల్లేదు. బురద మరక వాసాల దగ్గరుంది. టేపు పదహారు చూపించింది.

“ఆమోసు బాబూ అక్కడే కొలిచాడు. మూడుసార్లు కొలిచి ఆ మూల కూలబడ్డాడు. ఆయన అక్క రూతమ్మ పిల్లలిద్దర్నీ చంకనేసుకుని ఇందులోకే వచ్చింది మరి. ఊళ్లో ఎత్తయిన చోటు ఇదేగా. మళ్లీ బయటికి రాలా.”

పట్టికలో అక్క మాట లేదు. ఆఫీసులో ఎవరికీ తెలియదు.

నాకు దుఃఖం వచ్చింది, కాదనను. కానీ దానికంటే ముందు ఇంకోటి వచ్చింది. ఇంటర్వ్యూలో వాడు ఈ మాట చెబితే ఇక నా మొహం ఎవడు చూస్తాడు అనిపించింది. వాడి అక్క చావు మీద కూడా నేను అసూయపడ్డాను. సైకిలు తొక్కినంతసేపూ నన్ను నేను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

అయినా పుస్తకంలో పదడుగులు అలాగే ఉంది. అవనిగడ్డలో రెండు బస్సులు వదిలేశాను. మూడోది ఎక్కేముందు దాన్ని కొట్టేసి పదహారు రాశాను.

ఆమోసుకి సీటొచ్చింది. అక్క సంగతి విని జాలిపడి ఇచ్చి ఉంటారులే అని సరిపెట్టుకున్నాను. ఆ మాట పట్టుకునే నెల రోజులు నిద్రపోయాను.

మద్రాసు రైలెక్కించడానికి స్టేషనుకి వెళ్లి, ఉండబట్టలేక అడిగాను.

“ఇంటర్వ్యూలో మీ అక్క సంగతి చెప్పావా?”

నాకెలా తెలుసని ఆమోసు అడగలేదు. కిటికీ ఊచ పట్టుకుని చెప్పాడు.

“ఆ పదహారు ఎట్లా వచ్చిందని అడిగారండీ. సున్నం సంగతి చెప్పాను, లోపలి గోడ చెప్పాను. ఒడ్డు వంపు తిరిగిన చోట నీళ్లు అంత ఎందుకు లేస్తాయో లెక్క కట్టి చూపించాను. అక్క మాటెందుకండీ అక్కడ.”

రైలు కదిలింది. నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను. జాలితో ఇచ్చారనుకోవడానికి కూడా లేకుండా చేసిపోయాడు.