ఆర్విల్ భోజనాలకి ఖర్జూరం ముక్కలు

మా ఆయన ఆర్విల్ పోయిన మర్నాడే వెర్నా ఫోన్ చేసింది. కెనడాలో మా సస్కచ్వాన్ పల్లెలో ఎవరు పోయినా చర్చి కింది హాల్లో పెట్టే భోజనాలకి ఎవరేం చేసి తేవాలో పురమాయించేది ఆవిడే.

"నువ్వు వంటింట్లోకి వెళ్లావంటే ఊరుకోను ఐలీన్. పోయినవాళ్ల ఇంట్లోంచి వంటేమిటే? మేమంతా లేమూ?"

"ఖర్జూరం ముక్కలొక్కటీ నేను చేస్తాను. ఆయనకి నా చేతివే ఇష్టం."

"అవి నేను తెస్తాగా. నోరు మూసుకుని పడుకో."

ప్రేమే. ఆ ప్రేమకే నాకు ఒళ్లు మండింది. ఈ ఖర్జూరం ముక్కల కేకుని మావాళ్లు పెళ్లి కేకు అంటారు గానీ, పెళ్లిళ్లలో కన్నా చావుల్లోనే ఎక్కువ తింటారు. ఊళ్లో అందరి చావులకీ చేశాను. నా మొగుడికి మాత్రం చెయ్యకూడదట!

చేశాను. ఖర్జూరాలు నీళ్లలో గుజ్జయ్యేదాకా ఉడికించి నిమ్మరసం పిండాను. ఓట్స్, మైదా, బ్రౌన్ షుగర్, వెన్న వేళ్లతో నలిపి, సగం ట్రేలో అదిమి, గుజ్జు పరిచి, మిగతా సగం పైన చల్లాను. ఆర్విల్ ఉంటే ఆ పైపొడి గిల్లుకు తినేవాడు, నేను చేతిమీద ఒకటి వేసేదాన్ని. ఓవెన్ ముందు కూర్చుని ఏడ్చాను. నా చేతి తిండితో ఆయన్ని సాగనంపాలి, అంతే నా కోరిక.

అంత్యక్రియల రోజు చర్చిలో ప్రార్థన అయింది. శ్మశానానికి వెళ్లేముందు అందరం కిందికి దిగాం. బల్లమీద హామ్ బన్నులు, ఊరగాయ దోసకాయలు, వెర్నా చేసిన ఖర్జూరం ముక్కలు ఉన్నాయి. పొద్దున నేనిచ్చిన ట్రే లేదు. వంటగదిలోకి తొంగిచూస్తే ఫ్రిజ్ మీద ఉంది, కప్పిన రేకు కప్పినట్టే.

"నీకే ఉంచాంలే," అంది వెర్నా నా భుజం నిమురుతూ. "చుట్టాలొస్తారు, పనికొస్తాయి. ఇవాళ కూడా నీ కష్టం మేం తింటామా?"

ఆ చెయ్యి విదిలించుకుని ఇవతలికొచ్చాను. బల్ల దగ్గర మా అబ్బాయి డ్వేన్, కళ్లు ఎర్రగా, చేతిలో సగం తిన్న ముక్క.

"నాన్నకి ఇవంటే ప్రాణం కదమ్మా. ఇంత బాధలోనూ ఓపిక చేసుకుని చేశావు."

"అవి నావి కాదురా, వెర్నావి. నావి లోపల పడున్నాయి. ఒక్కరూ ముట్టలేదు."

వాడు చేతిలోని ముక్కకేసి చూసి, మిగిలింది నోట్లో వేసుకున్నాడు.

"పోనీలే అమ్మా. రెండూ ఒకటేగా."

పుట్టినప్పటినుంచీ నా చేతి తిండి తిన్నవాడు! తేడా తెలిసిన మనిషి ఒక్కడే, పైన చర్చిలో పెట్టెలో పడుకుని ఉన్నాడు.